కాయ కోసం వదిలిన చోటు

ముందు వినిపించింది గాజు చప్పుడు.

గ్లాసు అంచుకు సన్నని పుల్ల ఏదో తగులుతోంది. టిక్ టిక్ టిక్ అని, మధ్యలో ఊపిరి పీల్చుకునే వ్యవధి కూడా లేకుండా. టీలో పంచదార కలిపేవాళ్ళు ఇంత తొందరపడరు. పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంటు ఏడో అంతస్తులో మా బాల్కనీకీ పక్కవాళ్ళ బాల్కనీకీ మధ్య ఒక గోడ, గోడ చివర జానెడు వెడల్పున ఇనప జాలీ. అవతల కొత్తగా ఎవరో దిగారని తెలుసు గానీ మనుషుల్ని చూడలేదు. నేను ఇంటి నుంచే ఆఫీసు రాతపని చేసుకుంటున్న రోజు. మీటింగులో మైకు ఆపేసి ఆ చప్పుడే విన్నాను. ఉన్నట్టుండి అది ఆగింది. గ్లాసు పడిన మోత. తర్వాత ఒక ఆడగొంతు.

"పోయింది. ఆకు మొత్తం పోయింది."

జాలీలోంచి చూశాను. అరవై దాటిన మనిషి. నేత చీర, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. పారిపోబోయే పిల్లను పట్టుకున్నట్టు ఎడమచేత్తో తన కుడి మణికట్టును పట్టుకుని కూర్చున్నారు. ముందు బల్ల, బల్ల మీద కాగితం, కాగితం మీద ఒక గులాబీ కొమ్మ. దాని మీదుగా రంగునీళ్ళు పారుతున్నాయి.

"బట్ట ఏదైనా ఉందా అమ్మాయ్ నీ దగ్గర?" అన్నారు, నేను అక్కడ ఉన్నానని ఎప్పటినుంచో తెలిసినట్టు. "నేను లేచి లోపలికెళ్ళి తెచ్చేసరికి కాండం కూడా కరిగిపోద్ది."

జయంతిగారితో నా పరిచయం అలా, జాలీ సందులోంచి ఒక పాత తువ్వాలు అందించడంతో మొదలైంది.

ఆమెది కడియం. తండ్రి అక్కడి నర్సరీల్లో గులాబీలకు అంట్లు కట్టేవాడు. చిన్నప్పుడు ఆమె పని మొక్కలకు పేరు చీటీలు రాయడం. చదువు రాని కూలీలు ఒక మొక్క బదులు ఇంకోటి బండికెత్తేవారట. అందుకని పేరు పక్కన పువ్వు కూడా గీయడం మొదలుపెట్టారు. "గీస్తే తప్పులు తగ్గాయి. అంతే. కళా లేదు, గిళా లేదు," అనేవారు. ఆ చీటీలు చూసిన ఒక అధికారి మాట సాయంతో హైదరాబాదు వచ్చి, బొమ్మల చదువు చదివి, ఒక వ్యవసాయ పరిశోధనా సంస్థలో చిత్రకారిణిగా చేరారు. ముప్పై ఒక్క సంవత్సరాలు అక్కడే. వరి తెగుళ్ళు గీశారు, వేరుశనగ పురుగులు గీశారు, చివరి పాతికేళ్ళూ గులాబీలు. పెళ్ళి సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇప్పుడు చెల్లెలి కూతురు రసజ్ఞ దగ్గర ఉంటున్నారు. రసజ్ఞకు రాయదుర్గంలో ఒక ఆఫీసులో డిజైనరు ఉద్యోగం. పొద్దున పెద్దమ్మకు మాత్రలు డబ్బాలో సర్ది, మెట్రో దగ్గరి టవర్లలోకి వెళ్ళిపోతుంది.

ఆమె గీసేదాన్ని నేను మొదట బొమ్మ అన్నాను. ఊరుకోలేదు.

"బొమ్మైతే నాకు నచ్చినట్టు వేస్తాను. ఇది వాంగ్మూలం. మొక్క చెప్పింది రాసుకోవాలి, మనం కల్పించకూడదు."

ఆ కాగితాల్లో గాలి వీచదు. వెనక మబ్బు ఉండదు, కింద కుండీ ఉండదు. ఉత్త తెలుపు మీద ఒక్క కొమ్మ. దాని చుట్టూ మొగ్గ, విచ్చిన పువ్వు, నిలువుగా కోసిన పువ్వు, ఆకు పైవైపు, ఆకు అడుగు, ఒక్క ముల్లు పెద్దది చేసి, చివరగా కాయ. అన్నీ డివైడరుతో కొలిచినవే. ఒక మొక్క బతుకంతా, అది ఏ రోజూ ఒకేసారి చూపించనిదంతా, ఒక్క కాగితం మీద. ఒకసారి భూతద్దం నా చేతికిచ్చి పువ్వు అడుగున ఉండే అయిదు పచ్చని రెక్కల్ని చూడమన్నారు. రెండింటికి రెండు అంచులా కుచ్చు ఉంది. రెండింటికి అసలు లేదు. అయిదోదానికి ఒక పక్కే ఉంది.

"ఎన్ని గులాబీలు చూసుంటావు ఇన్నాళ్ళూ?" అని అడిగారు.

సిగ్గుపడ్డాను. వేలల్లో చూసుంటాను. ఒక్కదాన్నీ చూడలేదు.

ఆ కుడిచేతికి మూడేళ్ళుగా వణుకు. పార్కిన్సన్స్ అన్నారు డాక్టర్లు. పొద్దున పదింటికి మాత్ర వేసుకుంటే అరగంటకు చెయ్యి కుదుటపడుతుంది. ఒకప్పుడు ఆ నిమ్మళం సాయంత్రం దాకా ఉండేదట. నేను చూసేనాటికి రెండు గంటలు. ఆ రెండు గంటల్లో ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు. ఒంటిగంటకల్లా చెయ్యి మళ్ళీ ఎండుటాకు అయ్యేది. అప్పుడు నన్ను జాలీ దగ్గరికి పిలిచి కబుర్లు చెప్పేవారు.

బల్ల మీద ఎప్పుడూ ఒక్కటే కాగితం. పన్నీరు గులాబీ, మన నాటు గులాబీ, లేత రంగుది, తెల్లవారుజామున ఎక్కువ వాసన వేసేది. అన్నీ పూర్తయ్యాయి. నీళ్ళు ఒలికిన ఆకును కూడా బ్లేడుతో గీకి, మళ్ళీ వేశారు. కుడివైపు కింద మాత్రం అగ్గిపెట్టంత చోటు ఖాళీగా ఉంది.

"అది కాయకి," అన్నారు.

"గులాబీకి కాయ కాస్తుందా అండీ?"

"అందరూ ఇదే మాట. కాస్తుందే అమ్మాయ్. కొయ్యకపోతే కాస్తుంది."

ఆ ఖాళీ చోటు వెనక సంగతి ఆమె ఒక్కరోజులో చెప్పలేదు. ముక్కలు ముక్కలుగా, వర్షాకాలమంతా చెప్పారు.

పాతికేళ్ళ కిందట వాళ్ళ సంస్థ గులాబీల మీద ఒక పుస్తకం వేసింది. ఏదో ప్రారంభోత్సవం నాటికి అచ్చు కావాలి. పన్నీరు గులాబీ పటంలో అన్నీ గీశారు, కాయ తప్ప. ఆ రకం ఈ ఎండల్లో అరుదుగా కాస్తుంది, కాసేలోగా ఎవరో ఒకరు కోసేస్తారు. ఆమె ఆ కాయను ఎన్నడూ చూడలేదు. పై అధికారి వచ్చి, "గులాబీ కాయ అంటే గులాబీ కాయే కదమ్మా. ఏదో ఒకటి వేసెయ్యండి," అన్నాడు. కడియంలో అంట్లకు వాడే అడవి గులాబీ కాయ ఆమెకు తెలుసు. గుండ్రంగా, నున్నగా, రేగుపండులా ఉంటుంది. దాన్నే వేశారు. చాలా బాగా వచ్చింది. ఎంత బాగా వచ్చిందంటే దాన్ని చూసి ఇంకో పుస్తకంలో గీశారు, ఆ పుస్తకం చూసి గోడ పటాల్లో గీశారు.

కొన్నాళ్ళకు పాలమూరు వైపు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. బీయస్సీ చదివే పిల్ల, పేరు అనూష. 'మేడమ్, మా ఇంటి పన్నీరు గులాబీకి కాయ కాసింది. పొడుగ్గా, నూగుతో ఉంది. మీ పుస్తకంలో గుండ్రంగా ఉంది. నేను చూసినట్టే రికార్డులో గీస్తే మా సార్ తప్పని కొట్టేశారు. మా చెట్టు పన్నీరు గులాబీ కాదేమో, దయచేసి చెప్పండి.'

"ఏం రాశారు?"

"రాయలేదు." ఆమె చూపు జాలీ మీంచి కదల్లేదు. "చూసిన పిల్ల తప్పయింది. చూడని నేను అచ్చయ్యాను. ఏమని రాయను?"

ఆమెకు మిగిలిన కోరిక అదొక్కటే. చెయ్యి పూర్తిగా పోయేలోగా ఆ కాయను కళ్ళారా చూడాలి. చూసింది గీయాలి. గీసింది సంస్థకు పంపి, పాతది తప్పని రాయాలి. పుప్పాలగూడ పాత ఊరుగా ఉన్ననాటి ఇంటి పెరడేదో మా అపార్ట్‌మెంటు కింద కలిసిపోయింది. ఆ పెరటి పన్నీరు గులాబీ మాత్రం జనరేటరు గది వెనక, ఎవరూ నాటని చోట, బతికే ఉంది. రసజ్ఞ ఇల్లు వెతికేటప్పుడు ఆ చెట్టు చూసే ఈ ఫ్లాటు ఒప్పుకున్నానని ఆమె చెప్పారు. రసజ్ఞ మాత్రం లిఫ్టులు బాగున్నాయని ఒప్పుకుందనుకుంటోంది.

ఆ చెట్టుకు శత్రువులు ఇద్దరు. మొదటివాడు దేవుడు.

పొద్దున నడకకు వచ్చేవాళ్ళ చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు ఉంటాయని మన కాలనీల్లో అందరికీ తెలుసు. కవర్లో మందారం, నందివర్ధనం, ఏది అందితే అది. పద్దెనిమిదో అంతస్తులో ఉండే రామ్మోహనరావుగారు, రోడ్ల శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి, కవరుతో పాటు కొక్కెం కట్టిన కర్ర కూడా తెచ్చేవారు. దీపావళి వెళ్ళిన వారం, జయంతిగారు పదిరోజులుగా కనిపెట్టుకుని ఉన్న పువ్వును ఆయన తెంపుతుండగా మేమిద్దరం వెళ్ళాం. ఆమె నా మోచెయ్యి పట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ వస్తున్నారు. అరవడానికి కూడా ఆ గొంతులో బలం లేదు.

"రావుగారూ, ఆగండి!"

"దేవుడికేనండీ," అన్నారాయన, పువ్వు అప్పటికే కవర్లో వేసి. "నా జేబులోకి కాదు."

"ఆ దేవుడు పద్దెనిమిది అంతస్తులు దిగొచ్చి అడిగాడా మిమ్మల్ని?"

"అదేంటండీ, పువ్వుకింత గొడవా! రేపు ఇంకోటి పూస్తుందిగా."

"పూస్తుంది. రేపు మళ్ళీ మీరే వస్తారుగా."

మధ్యాహ్నం రావుగారు జయంతిగారి గుమ్మం ముందు నిలబడ్డారు. చేతిలో చిన్న పళ్ళెం, పళ్ళెంలో అదే పువ్వు, పక్కన పటికబెల్లం. "స్వామి పాదాల దగ్గర పెట్టి తెచ్చానండి. మీ పువ్వు మీరు తీసుకోండి. పొద్దుటినుంచీ మా ఆవిడ నన్ను తిడుతోంది." జయంతిగారు దాన్ని కళ్ళకద్దుకున్నారు. ఆయన వెళ్ళగానే బల్ల మీద పెట్టి బ్లేడుతో నిలువునా కోసి, లోపలి అండాలను భూతద్దంతో లెక్కపెట్టారు.

తర్వాత ఆయనకు కాయ సంగతంతా చెప్పాను. ఏమనుకున్నారో, మర్నాటి నుంచి కర్ర మానేశారు. మిగతా నడకవాళ్ళు ఆ చెట్టు మీద చెయ్యి వేయబోతే, "అమ్మా, ముట్టుకోకండి. అది అమ్మవారికి మొక్కిన చెట్టు," అని చెప్పేవారు. మూడో రోజుకి ఎవరో చెట్టు మొదట్లో పసుపు కూడా చల్లారు. ఆ సంగతి విని జయంతిగారు నవ్వారు. ఆమె గట్టిగా నవ్వగా నేను విన్నది ఆ ఒక్కసారే.

రెండో శత్రువు కత్తెర. తోటపని చూసే యాదమ్మది నారాయణపేట దగ్గరి ఊరు. ఎండిన పువ్వు కనిపిస్తే కత్తిరించెయ్యాలని సూపర్‌వైజరు ఉత్తర్వు. గులాబీ ఎక్కువ పూలు పూయాలంటే అది సరైన పద్ధతే. కాయ కాయాలంటే మాత్రం అదే గొడ్డలి.

"యాదమ్మా, ఈ పువ్వు ఎండినా కొయ్యకు. నాకు కావాలి."

"ఎండిన పువ్వుతోని ఏం జేస్తవమ్మా? తాజాది కోసిస్త, తీస్కో."

"నాకు ఎండిందే కావాలి."

"అందరు పువ్వడుగుతరు. నువ్వేమొ చెత్తడుగుతున్నవ్."

"దాని కింద కాయ వస్తుంది."

"గులాబికి కాయనా? నేన్ బుట్టి యాభై ఏండ్లాయె, ఎన్నడు సూడలే." యాదమ్మ వంగి చూసింది. "సరే గని, సారు సూస్తె నా మీద ఒర్రుతడు గద."

"నా పేరు చెప్పు."

"నీ పేరు జెప్తె నీకేం గాదు. నాకే అయితది."

అన్నది గానీ కొయ్యలేదు. నవంబరు చివర రెక్కలు రాలిపోయాయి. కింద పచ్చని బుడిపె ఒకటి మిగిలింది. యాదమ్మ దాని ముందు రెండు మందారపు రెమ్మలు వంచి అడ్డం పెట్టింది.

డిసెంబరంతా ఆ బుడిపె పెరిగింది. నిజంగానే పొడుగ్గా, సన్నగా, ఒళ్ళంతా నూగుతో. వారానికోసారి నా మోచెయ్యి పట్టుకుని జయంతిగారు కిందికి వచ్చేవారు. సంక్రాంతి వెళ్ళాక అడుగులు కాళ్ళకు చుట్టుకోవడం మొదలైంది. ఒకసారి జనరేటరు గది దగ్గర పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు పావుగంట నిలబడిపోయారు. తర్వాత రావడం మానేశారు. ఏమైందో నన్ను చూసొచ్చి చెప్పమనేవారు. నాకు చెప్పడం వచ్చేది కాదు. "కొంచెం పెద్దదైందండి," అంటే, "కొంచెం అంటే ఎన్ని మిల్లీమీటర్లు?" అనేవారు. మంచం మీద నుంచే డివైడరు ఇచ్చి పంపేవారు.

అక్కడ కాయ పెరుగుతుంటే ఇక్కడ గంటలు తరిగిపోయాయి. రెండు గంటలు గంటన్నర అయింది. ఫిబ్రవరి వచ్చేసరికి నలభై నిమిషాలు. డాక్టరు మాత్ర మోతాదు పెంచితే వణుకు తగ్గింది గానీ ఒళ్ళంతా దానంతటదే ఊగడం మొదలుపెట్టింది. మోతాదు మళ్ళీ తగ్గించారు. ఖాళీ చోటును పక్కన పెట్టుకుని, ఉత్త కాగితాల మీద సాధన చేసేవారు, గీతలు, గుండ్రాలు, కోడిగుడ్డు ఆకారాలు. పలకమీద అక్షరాలు దిద్దే వయసు మళ్ళీ వచ్చినట్టు. పండడానికి ఇంకో మూడు వారాలు పడుతుందని లెక్కవేశారు. మూడు వారాలు చెయ్యి ఆగుతుందా లేదా అని ఆ లెక్క పక్కనే ఇంకో లెక్క ఉండేది. దాన్ని పైకి అనేవారు కాదు.

మూడు వారాలు అవసరం లేకపోయింది. ఫిబ్రవరి చివరి శుక్రవారం పొద్దున యాదమ్మ జయంతిగారి తలుపు కొట్టింది. చెంగులో తడిబట్ట, తడిబట్టలో జానెడు కొమ్మ, కొమ్మ చివర కాయ.

"ఏం జెయ్యాల్నమ్మా," అంది గుమ్మంలోనే కూలబడి. "అసోసియేషనోళ్ళు ఆడ సెల్ఫీ పాయింటు వెడ్తరంట. తోటల పోటీకి సార్లొస్తున్నరంట. జేసీబి వచ్చింది. మొక్కిన చెట్టని ఆ రావు సారు మస్తు కొట్లాడిండు, ఇనలే. చెట్టు వొయింది. నేనే ఉర్కి దీన్ని కోసిన. మంచిగ జేసిన్నా, కరాబ్ జేసిన్నా?"

జయంతిగారు కాయను కాంతికి ఎత్తి పట్టుకున్నారు. ఒక పక్క నారింజ రంగు తిరిగింది. రెండో పక్క ఇంకా పచ్చిగానే ఉంది.

"మంచే చేశావు యాదమ్మా. లేకపోతే ఇది కూడా లేదు."

"ఇంట్ల నాటుకుందమని రెండు కొమ్మలు గూడ తీస్కున్న."

"ఈ ఎండల్లో పట్టదు," అన్నారు జయంతిగారు. నర్సరీలో పుట్టిన మనిషి, ఓదార్పుకి కూడా పడుతుందని అనలేకపోయారు. యాదమ్మ నాటింది. పట్టలేదు.

కోసిన కాయ ఎనిమిది, పది రోజులు ఉంటుంది. తర్వాత ముడతలు పడుతుంది. మొదటి పొద్దున పదింటికి మాత్ర వేసుకున్నారు. నేను ఆఫీసుకు సెలవు పెట్టి జాలీకి ఇవతల కూర్చున్నాను. పదిన్నర. పదకొండు. చెయ్యి రాలేదు. ఆమె అలాగే అనేవారు, ఊరి నుంచి రావలసిన చుట్టం గురించి అన్నట్టు, చెయ్యి వచ్చింది, చెయ్యి రాలేదు అని. పన్నెండుకు వచ్చి పావుగంట ఉంది. పెన్సిలుతో కాయ పైఅంచు ఒక్కటి పడింది. రెండో రోజు ఆ అంచు చూసి తప్పన్నారు. బ్లేడుతో గీకారు. మూడో రోజు మళ్ళీ గీశారు, మళ్ళీ గీకారు. అయిదో రోజుకి ఆ అగ్గిపెట్టంత చోటులో కాగితం పొరలు లేచి, వెలుతురుకు పెడితే అవతలి వేలు కనిపించేంత పలచబడింది. ఇంకోసారి గీకితే చిల్లు పడుతుంది. చిల్లు పడితే పువ్వూ, ఆకూ, ముల్లూ, రెండేళ్ళ పొద్దుటిపూటలన్నీ పోతాయి.

ఆ సాయంత్రం రసజ్ఞ ఆఫీసు నుంచి తొందరగా వచ్చింది.

"పెద్దమ్మా, ఫోటో తీసి ట్యాబ్‌లో నేను వేసేస్తాను. నీ స్టైల్లోనే వేస్తా. స్కాన్ మీద పెడితే ఎవరికీ తేడా తెలీదు."

"తేడా తెలీదంటేనే నాకు భయం," అన్నారు. కానీ ఆ పిల్ల మొహం చూసి వద్దనలేకపోయారు.

రసజ్ఞ ఆ రాత్రంతా కూర్చుని, మర్నాడు ట్యాబ్ తెచ్చి పెద్దమ్మ ఒళ్ళో పెట్టింది. నేనూ చూశాను. పటం నిండింది. కాయ మెరుస్తోంది, ఇప్పుడే కడిగినట్టు. జయంతిగారు చాలాసేపు చూశారు. తర్వాత వణికే వేలితో తెర మీద తట్టారు.

"నూగు ఏదే?"

"జూమ్ చేస్తే గజిబిజిగా ఉంది పెద్దమ్మా. కొంచెం స్మూత్ చేశాను."

"ఎన్ని తీసేశావు?"

"నూగు ఎవరు లెక్కపెడతారు పెద్దమ్మా!"

"పాలమూరులో ఒక పిల్ల లెక్కపెట్టింది."

రసజ్ఞకు ఆ ఉత్తరం సంగతి తెలియదు. వరండాలోకి వచ్చి లిఫ్టు దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంది. "నేను మంచికే చేశానండీ," అంది నాతో. నాకు తెలుసు. పాతికేళ్ళ కిందటి ఆ అధికారి కూడా చెడ్డకు చేసి ఉండడు.

మరుసటి రోజు జయంతిగారు నన్ను లోపలికి పిలిచారు. జాలీ దగ్గరికి కాదు, తన బల్ల దగ్గరికి.

"నీది రాసే చెయ్యి కదా. రాసుకో. గీయలేనిది చెప్పి పోతాను."

కాయను నేనే డివైడరుతో కొలిచాను. పొడవు ఇరవై మూడు మిల్లీమీటర్లు, నడుము పదకొండు. నూగు ఎటువైపు వాలిందో, పైన ఎండిన అయిదు రెక్కలు ఎంత వంగాయో చెప్పారు. తర్వాత బ్లేడు నా చేతికిచ్చి నిలువునా కొయ్యమన్నారు. కోశాను. లోపల తెల్లని నూలు లాంటి పీచు, పీచులో రెండే గింజలు. మిగిలినవన్నీ తాలు.

"రెండు," అన్నారు. "రెండని రాయి." అద్దాలు తీసి పక్కన పెట్టారు.

పటాన్ని ఖాళీ చోటుతోనే పంపమన్నారు. కింద, కాయ ఉండవలసిన చోట, చూశాను, గీయలేదు అని రసజ్ఞ చేత రాయించారు. సంస్థలో ఇప్పుడు బొమ్మల విభాగం లేదు. ఆమె కూర్చున్న గదిలో కంప్యూటర్ సర్వర్లు పెట్టారట. రసజ్ఞ స్కాన్ చేసి పంపితే రెండు వారాలకు, ఫైలు అందింది, ధన్యవాదాలు అని ఒక మెయిలు వచ్చింది. పాతది తప్పని ఆమె చెప్పి రాయించిన పేరా గురించి ఒక్క మాట లేదు.

ఏప్రిల్లో మింగడం కష్టమైంది. ముద్ద ఊపిరి దారిలోకి పోయి జ్వరం పట్టుకుంది. గచ్చిబౌలిలో ఒక ఆస్పత్రిలో చేర్చారు. మే రెండో వారంలో పోయారు. ఇంటికి తిరిగి రాలేదు. బల్ల ఇంకా బాల్కనీలోనే ఉంది. రసజ్ఞ దాని మీద ఏమీ పెట్టదు.

పోవడానికి నాలుగు రోజుల ముందు వెళ్ళాను. ఆ జబ్బు చివరికి గొంతునూ తినేస్తుంది. పెదవుల దగ్గర చెవి పెడితే తప్ప వినపడదు. కాయ గురించి నేను శుభ్రంగా తిరగరాసిన పేజీ చదివి వినిపించమన్నారు. చదివాను. కొలతలకు కళ్ళతోనే ఊ కొట్టారు. చివరి వాక్యం నేనే చేర్చాను, ఆమె సంతోషిస్తారని. పండిన కాయ నిండు ఎరుపు అని. అది వినగానే కళ్ళు తెరిచారు. వేళ్ళు దుప్పటి మీద వెతుక్కుంటూ వచ్చి నా మణికట్టును పట్టుకున్నాయి. నేను వంగాను.

"పండింది మనం చూళ్ళేదు కదే అమ్మాయ్. అది కొట్టెయ్. ఒక పక్కే రంగు తిరిగింది. రెండో పక్క పచ్చిగానే ఉంది. అలాగే రాయి."